బాపు అని పిలిచే పెద్దబాపు: ఒక యూకే స్టూడెంట్ వీసా ఫైల్

హన్మకొండల వీసా ఫైళ్లు తయారు చేసుడు నా పని. యూనివర్సిటీలు వెతికిపెట్టుడు, సీట్లు ఇప్పిచ్చుడు నేను చెయ్య, కాగితాలు మాత్రమే చూస్త. ఈ కేసు రాసుకోవడానికి ఆ అమ్మాయి, వాళ్లింటోళ్లు ఒప్పుకున్నరు, అయినా పేరు, ఊరు, కోర్సు ఏదీ చెప్తలేను, ఒకటి రెండు వివరాలు మార్చిన. రూల్స్, లెక్కలు మాత్రం 2025 వేసవిల ఎట్ల ఉండెనో అట్లనే పెట్టిన. అదే ఏడాది నవంబర్‌ల ఖర్చుల మొత్తం మళ్ల పెంచిండ్రు, కాబట్టి ఇందుల అంకెలు పట్టుకొని ఎవరూ ఇప్పటి ఫైల్‌కు లెక్క కట్టకండి, ఎట్ల ఆలోచించినమో అది చూడండి చాలు.

నేపథ్యం

పరకాల వైపు ఊరు. ఇరవై మూడేళ్ల అమ్మాయి, కాకతీయ యూనివర్సిటీ కింద డిగ్రీ, మంచి మార్కులు. ఇంట్ల పత్తి, మిర్చి వేస్తరు. 2025 జనవరి ఇంటేక్‌కు ఒక కన్సల్టెన్సీ ద్వారా యూకేకి అప్లై చేస్తే వీసా రిఫ్యూజ్ అయింది. మార్చిల నా దగ్గరికి వచ్చినప్పుడు ముగ్గురు వచ్చిండ్రు, అమ్మాయి, వాళ్ల బాపు, అవ్వ. ఆ రిఫ్యూజల్ లెటర్ ప్లాస్టిక్ కవర్ల పెట్టి, ఆ కవర్‌ను ఇంకో సంచిల పెట్టి తెచ్చిండ్రు. అది ఇంగ్లీషుల ఉన్నది కాబట్టి అసలేం రాసిండ్రో ఇంట్ల పెద్దోళ్లకు ఎవరూ సరిగ్గ చెప్పనే లేదు. "ఇంటర్వ్యూల పిల్ల తప్పు చెప్పిందట" అని మూడు నెలలు అనుకున్నరు, పిల్ల కూడా తనదే తప్పు అనుకొని ఊకున్నది. నాకు బాగా బాధ అనిపించింది ఇదే, ఎందుకంటే లెటర్ల ఇంటర్వ్యూ మాటే లేదు.

ఉన్నది ఒకటే కారణం. పైసలు చూపించింది తండ్రి ఖాతాల, గాని ఆయన తండ్రి అనడానికి రుజువు లేదు. యూకే రూల్ ప్రకారం స్టూడెంట్ పైసలు తన ఖాతాల ఉండాలె, లేకుంటే తల్లిదండ్రులదో లీగల్ గార్డియన్‌దో ఖాతాల ఉండాలె. తల్లిదండ్రులది అయితే సంబంధం చూపించే బర్త్ సర్టిఫికెట్, దత్తత కాగితం, కోర్టు కాగితం, వీటిల ఏదో ఒకటి, దానితోపాటు ఒప్పుకుంటున్నమని వాళ్ల లెటర్. మేనమామ, అన్న, బాబాయి ఎంత దగ్గరోళ్లయినా వాళ్ల ఖాతా లెక్కకు రాదు. వీళ్ల ఫైల్ల బర్త్ సర్టిఫికెట్ జాగల నోటరీ అఫిడవిట్ పెట్టిండ్రు. మన దగ్గర చానా పనులు నోటరీతోని నడుస్తయి గనుక ఇక్కడ కూడా నడుస్తది అనుకున్నరు కావచ్చు.

అసలు సమస్య బయటపడ్డ తీరు

నేను సులువు కేసే అనుకున్న. బర్త్ సర్టిఫికెట్ లేదు, తెచ్చుకుందాం, అంతే కదా. ఊర్ల పుడితే పంచాయతీల రికార్డు చూస్తరు, లేకుంటే దొరకలేదని కాగితం తీసుకొని మీసేవల లేట్ రిజిస్ట్రేషన్‌కు పెట్టుకుంటే ఎమ్మార్వో ఎంక్వైరీ, ఆర్డీవో ఆర్డర్, ఈ దారి నాకు కొట్టినపిండి. అందుకే మామూలుగనే అడిగిన, "అక్కా, పిల్ల ఇంటికాడ పుట్టిందా, దవాఖానల పుట్టిందా?"

ఆమె జవాబు చెప్పలేదు. భర్త దిక్కు చూసింది. ఆయన కొంచెంసేపు ఊకొని అన్నడు, "సార్, పిల్ల మా తమ్ముని బిడ్డ. మాకు పిల్లలు లేరు. రెండేండ్లప్పటి సంది మేమే సాదుకున్నం."

అమ్మాయికి ఇదంతా తెల్సు, ఊరంతా తెల్సు, రెండిండ్లు పక్కపక్కనే. పెంచినాయనను బాపు అంటది, కన్న తండ్రిని చిన్నబాపు అంటది. బడిల వేసినప్పుడు పేర్లు పెంచినోళ్లయే రాయించిండ్రు, అదే టెన్త్ మెమోల వచ్చింది, ఆధార్ల వచ్చింది, పాస్‌పోర్టు చివరి పేజీల వచ్చింది. దత్తత కాగితం ఏదీ రాసుకోలేదు. అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకు అనుకున్నరు, ఆ రోజుకు అది తప్పు అని నేను అనను.

పుట్టింది మాత్రం వరంగల్ల సర్కారు దవాఖానల. అంటే కార్పొరేషన్ల రికార్డు ఉంటది. తీయించి చూస్తే ఉంది, తల్లిదండ్రుల కాలంల కన్నోళ్ల పేర్లు, పిల్ల పేరు కాలం ఖాళీ. అప్పట్ల పేరు పెట్టకముందే పుట్టుక రాసి పంపేటోళ్లు, తర్వాత పేరు ఎక్కించుకోవాలని ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇక్కడ ఒక మాట. ఈ విషయం తెలిసిన రెండు రోజులకే వాళ్లకు తెలిసినాయన ఒకడు, "ఊర్ల పుట్టినట్టు కొత్తది ఒకటి చేపిద్దాం, పెంచినోళ్ల పేర్లతోని" అని చెప్పిండట. నేను కూర్చోబెట్టి సూటిగ చెప్పిన: కార్పొరేషన్ల ఒక పుట్టుక ఉండంగ పంచాయతీల ఇంకో పుట్టుక రాపిస్తే అది దొంగ కాగితం. దొరికితే మోసం కింద రిఫ్యూజల్, పదేండ్లు యూకే దిక్కు చూసేది లేదు. ఇప్పటిదాకా అయింది రుజువు సరిపోని రిఫ్యూజల్ మాత్రమే, దాని మీద బ్యాన్ లేదు. ఈ రెండిటికి తేడా వాళ్లకు అర్థం కావడానికి గంట పట్టింది, ఆ గంట దండగ కాలేదు.

ముందుగాల అనుకున్నవి, ఎందుకు కాలేదు

మొదట దత్తతనే రుజువు చేద్దామా అని చూసిన. నాకు తెలిసిన వకీల్‌ను అడిగిన. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం, వేరే ఆచారం ఉంటే తప్ప, పదిహేనేండ్లు నిండినోళ్లను దత్తత తీసుకోవడానికి లేదు, కాబట్టి ఇప్పుడు కొత్తగ తీసుకునుడు అయ్యేది కాదు. అప్పుడే ఇచ్చి పుచ్చుకున్నరు అని కోర్టుల డిక్లరేషన్‌కు పోవచ్చు గాని అది ఎన్నాళ్లు పడ్తదో చెప్పలేం. ఇప్పుడే ఒక డీడ్ రాసి రిజిస్టర్ చేస్తే? అది నాకే నచ్చలేదు. ఇరవై ఏండ్ల కింది విషయాన్ని వీసా అప్లికేషన్‌కు నెల ముందు తేదీతోని కాగితం చేస్తే చూసేటాయనకు ఏమనిపిస్తది? నిజమైన విషయం కూడా అబద్ధం లెక్క కనబడ్తది. గార్డియన్ అందామంటే అది మైనర్లకు, ఈమెకు ఇరవై మూడు.

రెండోది, కన్న తండ్రి ఖాతాలకు పైసలు మార్చి, బర్త్ సర్టిఫికెట్ల పిల్ల పేరు ఎక్కించి, ఆ సంబంధం చూపిద్దాం అనుకున్న. కాగితం మీద ఇది సక్కగనే ఉంటది. నేను ఏప్రిల్ల రెండు వారాలు దీని మీదనే పెట్టిన. మూడు కారణాలతోని వదిలేసినం. పాస్‌పోర్టుల ఒక తండ్రి, బర్త్ సర్టిఫికెట్ల ఇంకో తండ్రి, ఆ రుజువు మీదనే పైసలన్నీ నిలబడితే ఫైల్ మొత్తం ఆ ఒక్క తేడా మీద ఉన్నట్టు. రెండోది చిన్నాయన ఖాతాల పాత క్రాప్ లోన్ బాకీ ఉంది, ఇరవై లక్షలు పడంగనే బ్యాంకోళ్లు బాకీ పట్టుకుంటే, పైసలు 28 రోజులు తగ్గకుండ ఖాతాల ఉండాలె అన్న లెక్క అక్కడే పోతది.

మూడోది నేను ముందుగాల అస్సలు లెక్కల పెట్టుకోలేదు. ఆ సర్టిఫికెట్ కాపీ టేబుల్ మీద ఉంటే అక్క చూసింది. ఆమెకు చదువు రాదు గాని తోడికోడలు పేరు ఎక్కడుందో అడిగి వేలు పెట్టి చూసుకున్నది. "అంటే సార్, నేను దీనికి ఏం కానట్టేనా?" అన్నది. అమ్మాయి లేచి బయటికి పోయింది. నేను అప్పటిదాకా కాగితాల గురించే మాట్లాడుకుంట వచ్చిన, ఆ కాగితం ఆ ఇంట్ల ఎవరి మీద పడ్తదో చూడలేదు. ఇట్లాంటి మాట ముందు ఒక్కరితోని మాట్లాడాలె, తర్వాత ఇంట్లోళ్లను కూసోబెట్టి చెప్పాలె, కాపీ టేబుల్ మీద పడేసుడు కాదు.

దారి దొరికింది ఎట్ల

ఆ రాత్రి రూల్ మళ్ల మొదటి నుంచి చదివిన. తన ఖాతా, తల్లిదండ్రుల ఖాతా, గార్డియన్ ఖాతా. మేమంతా రెండో దాని చుట్టే తిరుగుతున్నం, ఎందుకంటే మన దగ్గర పిల్లల ఖాతాల పైసలు పెట్టుడు ఆలోచనకే రాదు, అందుల ఆడపిల్ల ఖాతాల. గాని తన సొంత ఖాతాల ఉంటే సంబంధం రుజువే అడగరు. ఎవరి బిడ్డ అన్న ప్రశ్నే పైసల లెక్కల నుంచి తీసేయొచ్చు.

పైసలు ఎక్కడియి అన్నది ఉంటది, దానికి దాపరికం లేదు. 2024ల కొంత భూమి అమ్మిండ్రు, ఆ రిజిస్ట్రేషన్ కాగితం, ఏనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మిన తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు), అవి ఖాతాల పడ్డ ఎంట్రీలు అన్నీ ఉన్నయి. పెద్దబాపు ఖాతా నుంచి ఆమె ఖాతాలకు ఒకటే ఆర్‌టీజీఎస్, క్యాష్ అస్సలు వద్దన్న. గిఫ్ట్ డీడ్ రాసినం. ట్యాక్స్ పడ్తదా అని అడిగిండు, తల్లిదండ్రుల అన్నదమ్ములు ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంల బంధువుల లిస్టుల ఉంటరు కాబట్టి ఆ గిఫ్ట్ మీద ట్యాక్స్ ఉండదు. ఇక్కడ పెద్దబాపు అని రాసుడే ఆమెకు లాభమైంది.

ఖాతా కూడా చూసుకోవాలె. స్కాలర్‌షిప్ కోసం కాలేజీల తెరిచిన ఖాతా, కేవైసీ పూర్తి కాని చిన్న ఖాతా అయితే 50,000 దాటి ఉంచనియ్యరు, అందుకని ముందే కేవైసీ చేపిచ్చి, ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటే పాస్‌పోర్టుల ఉన్నట్టు పూర్తిగ రాపిచ్చినం.

లెక్క ఇట్ల. కోర్సు ఫీజుల ఇంకా కట్టాల్సింది 10,000 పౌండ్లు, మిగతాది కట్టినట్టు కాస్‌లనే (సీటు ఇచ్చినట్టు వీసా కోసం యూనివర్సిటీ పంపే కాగితం) వచ్చింది. లండన్ బయట నెలకు 1,136 చొప్పున తొమ్మిది నెలలకు 10,224. మొత్తం 20,224 పౌండ్లు. ఈ మొత్తం వరుసగ 28 రోజులు ఒక్కరోజు కూడా తగ్గకుండ ఉండాలె, స్టేట్‌మెంట్ ఆఖరి తేదీ అప్లై చేసే రోజుకు 31 రోజుల లోపల ఉండాలె. వీసా ఫీజు 524, హెల్త్ సర్‌ఛార్జ్ 1,164 పౌండ్లు ఇవి వేరే.

మే మొదట్ల పౌండు 113 అని పట్టుకొని 22,85,312 వచ్చింది, 23 లక్షలు వేయించిన. పదిహేను వేలు ఎక్కువే ఉన్నయి కదా అనుకున్న.

ఇక్కడ తప్పు నాదే

రూపాయలను పౌండ్లల్లకు మార్చేది అప్లై చేసే రోజు రేటుతోని, ఓఆండా అనే వెబ్‌సైట్ల రేటు చూస్తరు. మేం పైసలు వేసిన రోజు రేటుతోని కాదు. ఈ సంగతి నాకు కొత్త కాదు, అయినా నెల రోజుల్ల ఎంత మారుతది లే అనుకున్న. మే నెలాఖరుకు పౌండు 115 దాటింది. అంటే కావాల్సింది 23,25,760 కన్న ఎక్కువ, ఉన్నది 23 లక్షలు. 28 రోజులు నిండిన నాడు ఫైల్ తయారు, పైసలు తక్కువ. స్టేట్‌మెంట్ల ఇంకోటి కనబడ్డది, మే చివర్ల 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయినయి. జీవన జ్యోతి, సురక్ష బీమా, కాలేజీల ఎవరో క్యాంపు పెట్టి సంతకం తీసుకున్నరట, ఏటా మే నెలల ఆటోమేటిక్‌గ పోతయి. అది మమ్మల్ని ముంచలేదు గాని, అంచుమీద లెక్క కట్టినోళ్ల ఫైల్ పోవడానికి ఆ 436 చాలు.

పెద్దాయనకు ఫోన్ చేసి నా లెక్క తప్పింది అని చెప్పిన. ఆయన ఒక్కమాట అనలేదు, "కోల్డ్ స్టోరేజీల మిర్చి ఉంది, అమ్ముత" అన్నడు. అప్పుడు మిర్చి ధర బాగా లేదు, ధర వస్తదని చూసుకుంట పెట్టుకున్నడు. నా తప్పుకు ఆయన పంట తెగనమ్ముకునుడు నాకు మింగుడుపడలేదు. పైగా అమ్మినా ఇప్పుడు వేసే పైసలకు మళ్ల 28 రోజులు మొదటి నుంచి లెక్క.

ఆగి ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఎడ్యుకేషన్ లోన్‌కు 28 రోజుల రూల్ లేదు. గుర్తింపు ఉన్న బ్యాంకు ఇచ్చిన లోన్ అయ్యి, స్టూడెంట్ పేరు మీద ఉండి, లెటర్ ఆర్నెల్ల లోపలిది అయితే ఆ మొత్తం అట్లనే కలుపుకోవచ్చు. ఖాతాల ఉన్న పైసలకు మాత్రం 28 రోజుల్ల ఎన్నడైతే అన్నిటికన్న తక్కువ ఉన్నదో ఆ రోజుది లెక్క. అంటే 22,99,544. దానికి నాలుగు లక్షల లోన్ కలిస్తే 26,99,544. పౌండు 120 అయినా కావాల్సింది 24,26,880. మళ్ల కొత్తగ నిలబెట్టే పని లేదు, మిర్చి అమ్మే పని లేదు. నాలుగు లక్షలే ఎందుకంటే అక్కడిదాకా బ్యాంకులు మామూలుగ సెక్యూరిటీ అడగవు, పొలం కాగితాలు పెట్టే బాధ లేకుండ తొందరగ అయితది.

లోన్ లెటర్ రానే వచ్చింది జూన్ రెండో వారంల, గాని చదివితే అందుల "డాక్యుమెంటేషన్ పూర్తయినంక, బ్యాంకు షరతులకు లోబడి" అని ఉంది. యూకే వాళ్లు ఒప్పుకునే షరతు ఒకటే, వీసా రావాలె అన్నది. వేరే ఏ షరతు ఉన్నా ఆ లోన్ పైసలు చేతికి వస్తయో రావో తెల్వదు అన్నట్టు. బ్యాంకుకు మళ్ల పోయి, సంతకాలన్నీ ముందే పెట్టేసి, లోన్ చదువు కోసమే అని, వీసా వచ్చినంక ప్రయాణానికి ముందే ఇస్తమని, వేరే షరతు లేదని లెటర్ మార్పిచ్చినం. మేనేజర్‌కు ముందు అర్థం కాలేదు, రూల్ ప్రింట్ తీసి చూపిస్తే ఆయనే మంచిగ రాయించిండు. ఈ లెటర్ చదవకుండ పెట్టేసిన ఫైళ్లు నా కండ్ల ముందు రెండు పోయినయి.

నిజం చెప్పే లెటర్

పైసల సంగతి తేలినంక కూడా ఒకటి మిగిలింది. అప్లికేషన్ల తల్లిదండ్రుల వివరాలు అడుగుతది. మొదటి అప్లికేషన్ల పెద్దబాపును తండ్రి అని రాసిండ్రు. ఇప్పుడు ఏం రాయాలె? అదే రాస్తే పాస్‌పోర్టుకు కలుస్తది, కన్నోళ్ల పేర్లు రాస్తే నిజానికి కలుస్తది. పైసలకు సంబంధం లేని ప్రశ్న కదా, పాతదే ఉంచితే ఏమైతది అని అమ్మాయి అడిగింది, అడుగుడు న్యాయమే. నా ఆలోచన ఏందంటే, పాత ఫైల్ వాళ్ల దగ్గర ఉంది, గిఫ్ట్ డీడ్ల పెద్దబాపు అని రాసినం, ఒకే మనిషి ఒక కాగితంల తండ్రి, ఇంకో కాగితంల పెద్దనాన్న అయితే దాన్ని వాళ్లు కనిపెట్టేకన్న మనమే ముందు చెప్పాలె. చట్టం లెక్కన దత్తత లేనప్పుడు తల్లిదండ్రులు కన్నోళ్లే, అదే రాసినం.

దానితోపాటు ఒక పేజీ లెటర్. రెండేండ్లప్పటి నుంచి పెద్దనాన్న, పెద్దమ్మ పెంచిండ్రు, స్కూల్ రికార్డుల, పాస్‌పోర్టుల వాళ్ల పేర్లే ఉన్నయి, దత్తత చట్టబద్ధంగ జరగలేదు, పోయినసారి ఆయనను తండ్రి అని చూపించింది ఈ కారణంతోనే, మోసం చేద్దామని కాదు, ఇప్పుడు ఈ పైసలు ఆయన ఇచ్చిన గిఫ్ట్, నా ఖాతాల ఉన్నయి. పాత రిఫ్యూజల్ సంగతి కూడా రాసినం, అది ఎట్లయినా చెప్పాల్సిందే. అమ్మాయి తన మాటలల్లనే రాసింది, నేను వ్యాకరణం దిద్దిన అంతే. పాస్‌పోర్టు సరిచేసుడు అప్పుడు పెట్టుకోలేదు, టెన్త్ మెమో నుంచి మొదలుపెట్టాలె, కాస్ గడువు లోపల అయ్యేది కాదు.

ఆ లెటర్‌ను నేను అక్కకు తెలుగుల చదివి వినిపించిన. ఈసారి ముందే ఆమెతోని మాట్లాడిన తర్వాత. "పెంచిండ్రు" అన్న దగ్గర మళ్ల చదవమన్నది. ఒక కాపీ కావాలన్నది, ఇచ్చిన.

అడ్రస్ గురించి పెద్దగ చెప్పేది లేదు, పాస్‌పోర్టుల వరంగల్ రూరల్, ఆధార్ల వరంగల్, ఇప్పుడు పరకాల ఉన్నది హనుమకొండ జిల్లా. 2016ల జిల్లాలు విడదీసుడు, 2021ల పేర్లు మార్చుడు వల్ల ఇట్ల అందరికీ ఉంటది, లెటర్ల ఒక్క లైన్ రాస్తే సరిపోయింది. టీబీ సర్టిఫికెట్ మాత్రం ఆర్నెల్లకే చెల్లుతది, పాతది అయిపోయింది, హైదరాబాద్ల మళ్ల చేపిచ్చినం.

జూన్ ఆఖర్ల అప్లై చేసినం. ఇంటర్వ్యూకు పిలిచిండ్రు, ఫండ్స్ ఎవరిచ్చిండ్రు అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పింది, బట్టీ పట్టిన జవాబులు నేను ఇయ్యలేదు. మూడు వారాలు కాకముందే వీసా వచ్చింది.

నా దగ్గర మారినవి

ఇప్పుడు నా ఫారంల మొదటి ప్రశ్న మార్చిన. పాస్‌పోర్టుల ఉన్న అవ్వ, బాపు కన్నోళ్లేనా, పెంచినోళ్లా అని అడుగుత, అదీ స్టూడెంట్ ఒక్కరే ఉన్నప్పుడు. ఇట్ల అడగవట్టినంక ఇలాంటి కేసులు ఇంకో రెండు కనబడ్డయి, ఒకటి మేనమామ ఇంట్ల పెరిగిన పిల్లగాడు, ఇంకోటి అవ్వ మళ్ల పెండ్లి చేసుకున్న ఇల్లు. ముందు నుంచి నా దగ్గరికి ఇసొంటోళ్లు వచ్చే ఉంటరు, నేను అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు.

పౌండు లెక్క ఆనాటి రేటు కన్న ఐదారు రూపాయలు ఎక్కువ పెట్టి కడుత. ఖాతాల ఆటో డెబిట్లు ఏమేం ఉన్నయో పైసలు వేసేముందే బ్యాంకుల రాపిచ్చుకుంట. వీలైతే పైసలు స్టూడెంట్ సొంత ఖాతాలనే పెట్టమంట, ఇండ్లల్ల దీనికి తొందరగ ఒప్పుకోరు, ముఖ్యంగ ఆడపిల్ల అయితే, అప్పుడు కూసోబెట్టి ఎందుకో చెప్తా.

బర్త్ సర్టిఫికెట్ల పేరు కాలం ఇంకా ఖాళీగనే ఉంది. కోర్సు అయిపోయి వచ్చినప్పుడు ఆమె సంతకంతోని అది పెట్టాలె, పాస్‌పోర్టు సంగతి కూడా అప్పుడే. ఆ ఫైల్ నేను మూయలేదు, బీరువల పై అరలనే ఉంది.